నిన్నటి నుంచే అన్నాను

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నానేమో.

మాది కర్నూలు పక్కన కల్లూరు. నేను బడికి పోలేదు. మా నాన్న టైలరు. మిషను పక్కన కూర్చోబెట్టుకుని పాత పేపర్ల మీద తెలుగు నేర్పాడు. అమ్మ ఖురాన్ చదవడం నేర్పింది. ఇంగ్లీషు అక్షరాలు పెళ్లయ్యాక మా అబ్బాయి పుస్తకాల్లో కూడబలుక్కున్నాను. ఇంత ఇచ్చినందుకు అల్లాకు రోజూ షుకర్ చెప్పుకుంటాను. చదువు నన్ను తప్పుదారి పట్టించిందని మాత్రం అనను. చదువేం చేసింది పాపం?

మా అబ్బాయికి చిన్నప్పుడు ఉబ్బసం. ఇన్‌హేలరు ఎలా పట్టాలో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో ఎలా లెక్కపెట్టాలో, పక్కటెముకల కింద గుంటలు పడితే ఎందుకు భయపడాలో డాక్టరు దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నాను. వీపుకు చెవి ఆనిస్తే పిల్లికూతలు వినపడేవి. పెరిగేకొద్దీ వాడి ఆయాసం తగ్గింది, అల్హందులిల్లా. కానీ అప్పటికే వీధిలో నాకొక పేరు వచ్చేసింది. ఎవరి పిల్లలు దగ్గినా ముందు నా గడప ఎక్కేవారు. మొదట్లో మందు సీసాల మీద ఏం రాసుందో చదివి చెప్పేదాన్ని, అంతే. తర్వాత తర్వాత రోగం పేరు కూడా నేనే చెప్పడం మొదలుపెట్టాను.

సుజాత మా ఎదురింటి కోడలు. మైదుకూరు దగ్గర పల్లె ఆమెది. చిన్నతనంలోనే పత్తి చేలల్లో పనికి పోయి చదువు లేకుండా మిగిలింది. కొడుకు చరణ్‌కు అప్పుడు నాలుగేళ్లు. మే నెలలో ఒకరోజు వాడికి జ్వరం, దగ్గు, ఎగశ్వాస. నా దగ్గరికే ఎత్తుకొచ్చింది.

వీపుకు చెవి ఆనించాను. పిల్లికూతలు లేవు. కుడివైపు కింద ఊపిరి చప్పుడే సరిగ్గా అందలేదు. మా వాడి వీపు ఎప్పుడూ అలా లేదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ తలెత్తి, ఉబ్బసమే, మా వాడికి వచ్చినట్టే వచ్చింది అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను. "నాకు తెలియదు" అనడం అప్పటికి మర్చిపోయి ఉంటాను. తెలియదంటే రేపటి నుంచి ఎవరూ రారని భయపడ్డానా? అంత చిన్న భయానికా?

మా వాడి పాత మందుల్లో మాత్రలు మిగిలి ఉన్నాయి. సగం విరిచి ఇచ్చాను. మర్నాటికి జ్వరం దిగింది, పిల్లవాడు లేచి ఆడాడు. సుజాత నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. మిగతా మాత్రలు కూడా రోజుకు సగం చొప్పున ఇచ్చాను. అవి స్టెరాయిడ్ మాత్రలనీ, లోపల రోగం ముదురుతున్నా పైకి జ్వరాన్ని కప్పేయగలవనీ నాకు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసింది అని రాస్తుంటేనే, ఇదీ ఒక సాకేగదా అనిపిస్తోంది.

ఐదో రోజు పొద్దున చరణ్ మూలుగుతూ ఊపిరి తీస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో కర్నూలు ఆసుపత్రికి పరుగెత్తాం, సుజాత, ఆమె అత్త, నేను. లోపలికి ఒక్కరే రావాలన్నారు. సుజాత పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టేసింది. "నువ్వే పో అక్కా. నాకు మాట్లాడనీకి రాదు. నీకన్నీ తెల్సు."

డాక్టరు అడిగాడు. "జ్వరం ఎన్ని రోజుల నుంచమ్మా?"

"నిన్నటి నుంచే సార్."

ఆయన వాడి ఛాతీ మీద వేళ్లతో తట్టి చూశాడు. "నిన్నటి జ్వరానికి ఇంతా? కుడిపక్కంతా చప్పుడు మొద్దుగా ఉండాదే. ఇంతకు ముందు ఏమన్నా మందు వేసినారా?"

"జ్వరం సిరప్పు ఒకటే సార్."

"చూడమ్మా, నిన్ను తిట్టనీకి అడగడంలేదు. ఎన్నాళ్లయిందో, ఏం మందు పడిందో తెలిస్తే నా పని నాకు తెలుస్తాది. బాగా గుర్తు చేసుకో."

ఆయన గొంతులో కోపం లేదు. చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం మనిషికి దొరకదు. నా చేతుల్లో ఆ బిడ్డ ఒళ్లు కాలిపోతోంది.

"నిన్నటి నుంచే సార్" అన్నాను మళ్లీ.

మొదటిది భయంతో జారిందనుకుందాం. రెండోది? రెండోసారి నేను చూసి, తూచి చెప్పాను.

ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు, చీము పట్టాయన్నారు. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. బయటికొచ్చి ఆ సంగతి చెప్పాను. సుజాత అత్త గోడకానుకుని ఉన్నదల్లా లేచింది.

"పట్టదా మరి! ఐసుగడ్డలేసి నన్నారి షర్బత్ తాపిస్తివి గదే పిల్లోనికి. వద్దే వద్దే అంటే ఇంటివా? నీ నాలిక రుచికి నా మనవన్ని బలి పెడ్తివే!"

"ఒక్క గలాసే గదత్తా..." అంది సుజాత. తర్వాత నా వైపు తిరిగింది. "దానికేనా అక్కా?"

నేను తల దించుకున్నాను. అది చూసి ఆమె అవునన్నట్టే అనుకుంది. అలా అనుకుంటుందని నాకు తెలుసు.

మూడు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. చరణ్ బతికాడు. ఇప్పుడు పదకొండేళ్లు. కుడి చంక కింద మచ్చ ఉంది. మొదటిరోజే తీసుకుపోయి ఉంటే గొట్టం పడకపోయేదా? నిజం చెప్పి ఉంటే తొందరగా కోలుకునేవాడా? తెలియదు. ఇది మాత్రం నిజంగానే తెలియదు.

తెలిసింది ఒకటుంది. కర్నూలు ఎండల్లో ఆ పిల్లవాడు ఈనాటికీ గోరువెచ్చని నీళ్లే తాగుతాడు. సుజాత నన్నారి ముట్టదు. వాడు ఒక్కసారి దగ్గితే చాలు, "మళ్ల తాపిచ్చినావా యేందే?" అని అత్త గొంతు మా ఇంటిదాకా వినపడుతుంది. ఏ పండగకైనా మొదటి గిన్నె నాకే తెస్తుంది సుజాత. "నువ్వు లేకుంటే నా బిడ్డ యాడుండునో అక్కా" అంటుంది. నేను గిన్నె అందుకుంటాను. గుక్కెడు నీళ్లకు కూడా షుకర్ చెప్పుకునే దాన్ని, ఆమె నాకు చెప్పే కృతజ్ఞత ముందు ఊపిరాడక నిలబడతాను. చెబుదామనుకున్న ప్రతిసారీ, చెప్పవలసింది ఇంకొంచెం పెరిగి ఉంటుంది. ఇప్పుడు చెబితే ఆ ఒక్క రోజు అబద్ధమే కాదు, ఏడేళ్లపాటు ఆమె పడ్డ మాటలన్నీ విని ఊరుకున్నానని కూడా చెప్పాలి.

పోయిన వారం సుజాత రెండో బిడ్డకు దగ్గొచ్చింది. పాప, ఎనిమిది నెలలది. నా దగ్గరికి తెస్తే, నాకు తెలియదు, డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాను. ఈసారి ఇద్దరినీ లోపలికి రానిచ్చారు. ఇంట్లో పెద్దపిల్లలకు ఎప్పుడైనా ఊపిరి జబ్బు చేసిందా అని అడిగాడు కొత్త డాక్టరు.

"రొమ్ములో చీము పట్టింది సార్" అంది సుజాత. "నేనే సార్. ఐసు షర్బత్ తాపిచ్చి పాడు జేసినా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "షర్బత్‌తో చీము పట్టదమ్మా. అది క్రిములతో వస్తాది. ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పల్యా సార్. నాకే తెల్సు."

నేను పక్కనే ఉన్నాను. పాప టోపీ సర్దుతూ నిలబడ్డాను. పాపకు ఒట్టి జలుబే, అల్హందులిల్లా. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుజాత అంది, "ఆ సారు శానా చిన్నోడు. ఆయనకేం తెల్సక్కా? కన్నదానికి తెల్దా?"

సుజాతకు చదవడం రాదు. ఆమెకు చెప్పాల్సింది చదవడం వచ్చిన మీకు చెబుతున్నాను. ఇది పిరికితనమని నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మనిషికి చేసిన అన్యాయాన్ని ముందు ఆ మనిషే క్షమించాలని మా అమ్మ నేర్పింది. కాబట్టి నమాజులోనూ నాకు దారి లేదు. ఆ దారి ఎదురింటి గడప మీదుగానే పోవాలి, నా కాలు ఇంకా లేవడం లేదు.

కానీ ఆనాడు చరణ్‌ను చూసిన డాక్టరు అడిగినదానికి సరైన జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఐదు రోజుల నుంచి సార్. మాత్రలు నేనే ఇచ్చాను. పిల్లవాడి తల్లి ఏ తప్పూ చేయలేదు.