కింద తాడు పట్టిన మనిషి

పెట్రోలులో ఆయిలు కలిపి డబ్బాను ఊపుతున్నప్పుడు వచ్చే వాసన నాకు ఇష్టం. ఈ మాట చెబితే మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు, ఆడమనిషికి ఇదేం పిచ్చి అంటారు. అననీ. మొన్న మనూర్ దారిలో ఒక బడి ఆవరణలో వేపచెట్టు కొమ్మలు తీసే పని దొరికింది. రెండు కొమ్మలు దింపేసరికి చేతులకు, మెడకు, తలకు చుట్టుకున్న తువ్వాలకు పచ్చి పొట్టు అంటుకుంది. ఆ చేదు వాసనా రంపం మెషిన్ పొగా కలిసి ముక్కుకు తగలగానే శరణప్ప కాక గుర్తొచ్చి, చెట్టు మీదే కాసేపు పని ఆపేశాను. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నారాయణఖేడ్‌లో చెట్లున్న పాత ఇళ్ళవాళ్ళందరూ ఆయన్ని ఎరుగుదురు. ఎరగనివాళ్ళకు చెప్పాల్సిన పని నాదే అనుకుంటాను.

శరణప్పది కన్నడం మాట్లాడే ఇల్లు. మాతో తెలుగే మాట్లాడేవాడు గాని, అంకెలు మాత్రం కన్నడంలో లెక్కపెట్టేవాడు, వద్దు అనాల్సి వస్తే 'బ్యాడ' అనేవాడు. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు, ఇంటి కప్పుల మీదికి వాలినవి, మామిడి తోటల్లో ఎండినవి తీయడం ఆయన పని. మొదలంటా నరకమంటే మాత్రం మరో మనిషిని చూసుకోమనేవాడు. ఆయనకో పద్ధతి ఉండేది. చెట్టు దగ్గరికి పోగానే ఎక్కేవాడు కాదు, ఎవరినీ ఎక్కనిచ్చేవాడూ కాదు. ముందు ఆ చెట్టు కిందే కూర్చుని సద్దిమూట విప్పేవాడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎర్రకారం. ఒక్కో ముక్క తుంచుతూ తల పైకెత్తి చూసేవాడు. ఏ కొమ్మ ముందు తీయాలి, ఏది ఎటు పడాలి, తేనెపట్టు ఉందా, పిట్టగూడు ఉందా, అన్నీ రొట్టె అయిపోయేలోగా తేలిపోయేవి. పని చెప్పినవాళ్ళకు మాత్రం కడుపు మండేది. "పనికొచ్చిండ్రా, బంతికొచ్చిండ్రా?" అని ఒక పటేలు మొహం మీదే అడిగేశాడు. కాక నమలడం ఆపకుండా, "ఆకలితోని ఎక్కితె చెట్టు గనవడదు పటేలా, రొట్టెనే గనవడ్తది" అన్నాడు. ఆ పటేలే తర్వాత ప్రతి ఏడూ మమ్మల్ని పిలిచి, రొట్టెతో పాటు మజ్జిగ కూడా పంపేవాడు.

నేను ఆయన దగ్గర చేరింది కొట్టిన కొమ్మలు ఏరి కుప్ప వేయడానికి. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లలు. మా ఆయన నర్సిములు ఆటో నడుపుతాడు. ఉన్న కాస్త చెలకా వాన పడితేనే పండేది. ఒకరోజు మా దగ్గర చెట్టెక్కే మనిషి చెప్పాపెట్టకుండా పట్నం పోయాడు. కాకకు మోకాళ్ళు అరిగాయి, దవాఖానలో ఇక ఎక్కొద్దని చెప్పారు. ఒప్పుకున్న పని అలాగే ఉంది. "నేనెక్కుత కాకా" అన్నాను. సిర్గాపూర్ పక్కన మా పుట్టింటి దగ్గర చింతచెట్లెక్కి కాయ దులిపిన దాన్ని, నాకు ఎత్తంటే భయం లేదు. ఆయన రొట్టె తినడం పూర్తిచేశాడు. తర్వాత అడిగాడు.

"దిగుడొస్తదా?"

"ఎక్కుడొచ్చినోళ్ళకు దిగుడు రాదా?"

"రాదు. ఎక్కుడు చానమందికొస్తది."

ఇంట్లో గొడవైంది. "నువ్వు కిందవడితె ఈ పిల్లలకు ఎవలు దిక్కు?" అని నర్సిములు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన అడిగింది తప్పు కాదు. కానీ కొమ్మలు ఏరే మనిషిని ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఈ రోజు నేను, రేపు ఇంకొకరు. చెట్టెక్కే మనిషినైతే ఊరూరా వెతుక్కుంటూ వస్తారు. పిల్లల్ని ఇక్కడే ఉంచి చదివించుకోవాలంటే, అందరిలా మేమూ మూటాముల్లె సర్దుకుని పట్నం పోకుండా ఉండాలంటే, నాకు చెట్టు మీద చోటు కావాలి. నర్సిములు పాత ప్యాంటూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళాను. కాక నా నడుముకు బెల్టు బిగించి, దానికి తాడు కట్టి, ఆ తాడును పైకొమ్మ మీదుగా తీసి రెండో కొస తన చేతిలో పట్టుకున్నాడు. ఆ తాడు ఏడాదికి పైగా ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఆ ఏడాదంతా చేతిరంపమే. కొమ్మకు ముందు కింది వైపు ఒక గాటు పెట్టాలని, లేకపోతే విరిగేటప్పుడు కాండం మీది బెరడు కూడా ఊడి వస్తుందని, కాండానికి మరీ అంటకుండా కోయాలని, అన్నీ చేతిరంపంతోనే నేర్పించాడు. మూడు చెరువుల నీళ్ళు తాగించాడనుకోండి. మా దగ్గర మెషిన్ లేక కాదు. ఉన్నది దుంగలు కోసేది, పిడి వెనకాల ఉంటుంది, నేల మీద కాళ్ళు ఆనించి కోసేవాళ్ళకు బాగుంటుంది. చెట్టు మీద దాన్ని మోయడమంటే నిద్రకు ఏడ్చే పిల్లను చంకనేసుకుని వంట చేయడమే. చెట్టెక్కి కొమ్మలు కోసేవాళ్ళ కోసమే చేసిన చిన్న మెషిన్లు వేరే ఉంటాయి. వాటి పిడి పైన ఉంటుంది, బరువు ఒంటికి దగ్గరగా ఉంటుంది, ఇరుకు కొమ్మల మధ్యకు కూడా దూరుతుంది. నాకు అలాంటిది కావాలని అడిగాను. కాక సరేనన్నాడు గాని, పొద్దున్నే దుకాణానికి పోదామంటే ఒప్పుకోలేదు. ఆ రోజంతా మామిడితోటలో చేతిరంపంతో పని చేయించి, సాయంత్రం నా భుజాలు ఊడి చేతికొచ్చేలా ఉన్నప్పుడు, "నడువు, ఇగ మెషిన్ కొందాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"రేపు పొద్దుగాల పోతె ఏమాయె కాకా? చేతులు లేస్తలెవ్వు."

"పొద్దుగాల అన్ని మెషిన్లు తేలికనే ఉంటయి. లేవని చెయ్యితోనే చూడాలె."

బస్ డిపో దాటాక స్ప్రేయర్లు, బోరు మోటార్లు అమ్మే దుకాణం ఒకటుంది. షేటు అన్నిటికంటే పొడుగు బ్లేడున్న మెషిన్ తెచ్చి ముందు పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే నచ్చింది. ఎర్రగా మెరుస్తోంది, చేతిలో ఉంటే నలుగురూ తిరిగి చూస్తారు. "పెట్రోలు, ఆయిలు నింపియ్యి" అన్నాడు కాక. "చూసెటందుకు నింపుడెందుకు?" అన్నాడు షేటు. "ఖాళీ బిందె ఎవలన్న ఎత్తుతరు" అని కాక అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. నింపాక దాన్ని భుజాల ఎత్తున పట్టుకోమని లెక్క మొదలుపెట్టాడు. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. ఇరవై కాకముందే నా మోచేతులు వణికాయి. షేటు నవ్వాడు. "గాజులేసుకున్న చేతులకు గీ మెషిన్లెందుకు శరణప్పా?" కాక నవ్వలేదు. "గాజులు ఇంట్ల పెట్టొస్తది. నువ్వు ఇంకోటి నింపు."

అలా నాలుగు నింపించాడు. చివరిది అన్నిటికంటే చిన్నది, దాని బ్లేడు నా మోచేతి నుంచి మణికట్టు దాకా కూడా లేదు. అరచేత్తో పైమీట నొక్కితే వేలు కింది మీటకు అందింది, పెద్దవాటికి నా వేలు అందనే లేదు. ముందున్న, గొలుసును ఆపే బ్రేకు పలకను మణికట్టుతో తోసి చూడమన్నాడు, తోశాను. వెనక తాడుకు వేలాడదీసే రింగు ఉందో లేదో తన వేలు దూర్చి చూశాడు. బయట స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని స్విచ్ ఆపమన్నాడు, తడుముకోకుండా ఆపాను. మళ్ళీ భుజాల ఎత్తున పట్టుకున్నప్పుడు ఆయన లెక్క అరవై దాటింది. నాకు మాత్రం మనసు ఆ ఎర్రటి దాని మీదే ఉంది. "గిది మరీ పొట్టిగున్నది కాకా, నలుగురు నవ్వుతరు" అన్నాను. "నవ్వెటోళ్ళు కిందుంటరు, నువ్వు మీదుంటవ్" అని, మెషిన్ నా చేతిలో పెట్టే ముందు ఒక్క మాట అన్నాడు. "ఇది ఒక్క చెయ్యికి తేలికనే వస్తది. వస్తది గదా అని పట్టకు. ఎప్పుడు చూసినా రెండు చేతులు." సరేనన్నాను. ఎన్ని మాటలకు సరేనని ఊరుకోలేదు మనం!

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఒక పెద్ద ఇంటి వెనక వేపచెట్టు, కొమ్మలు రేకుల కప్పు మీదికి వాలాయి. కాక రొట్టె తిని, ఏది ఎటో చెప్పి, తాడు పట్టుకున్నాడు. నేను పైకెక్కాక ఆ ఇంటామె వచ్చి కొమ్మల కిందే చాప పరిచి, కొత్త చింతపండు ఆరబోసింది. "పండు మీద పొట్టు, ఆకు పడనియ్యకు బాలమణీ, నీకు దండం పెడ్త" అంది. తీసేయమని నేను అనొచ్చు. కానీ పుట్టినప్పటి నుంచీ చింతపండు విలువ తెలిసిన దాన్ని, నోరు రాలేదు. చిన్న చిన్న రెమ్మల్ని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో మెషిన్ నడిపి, కోసిన రెమ్మను పక్కకు విసరడం మొదలుపెట్టాను. పది రెమ్మలు చక్కగా వచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత పెద్ద కొమ్మ సగం దాకా కోశాను. అడ్డొచ్చిన రెమ్మను ఎడమ చేత్తో పట్టుకున్నాను. బ్లేడు కొస వెనకున్న కొమ్మకు తగిలింది. మెషిన్ ఒక్కసారి ఎగిరి మీదికొచ్చింది. గొలుసు నా ఎడమ చొక్కా చేతిని మోచేతి కింద నిలువునా చీల్చింది, బ్రేకు పడి ఆగింది. చర్మం మీద ఎర్రటి గీత, అంతే. కాండం వైపు తిరిగి చిరిగిన చొక్కా చేతిని పైకి మడిచాను. అనుమానం రాకుండా రెండో చేతిని కూడా మడిచాను.

"బాలమణీ, దిగు."

"కొమ్మ సగమే అయింది కాకా."

"దిగు."

దిగాను. ఆయన నా చేయి పట్టుకుని మడత విప్పాడు. చిరుగులో వేలు పెట్టి చూశాడు. "చింతపండు తియ్యమననీకె సిగ్గుపడ్డవు. నేను గూడ చూసి ఊకున్న, నాదీ తప్పే" అన్నాడు. వంగలేని మనిషి వంగి చాప నాలుగు మూలలూ పట్టుకుని పండు పక్కకు లాగాడు. తర్వాత నా నడుము బెల్టు విప్పి తన నడుముకు బిగించుకున్నాడు. సగం కోసిన కొమ్మను అలా వదలకూడదు, కింద పిల్లలు తిరుగుతారు. అది నాకూ తెలుసు. "నేనే ఎక్కుత కాకా, నీ మోకాళ్ళు..." అన్నాను. "బ్యాడ" అని తాడు కొస నా చేతిలో పెట్టాడు.

ఆ పావుగంట నేను జన్మలో మరిచిపోను. ముసలి కాళ్ళు కొమ్మ కొమ్మకూ వణుకుతున్నాయి. ఒకచోట పాదం జారింది, తాడు నా అరచేతుల్లో కాలింది, నాకు తెలియకుండానే అరిచాను. ఆయన పైన కుదురుకుని, రెండు చేతులతో మెషిన్ పట్టి, మిగిలిన సగం కోసి, కొమ్మను కప్పుకు తగలకుండా దింపాడు. నేను కొమ్మను చూడలేదు. ఆయన పాదాలనే చూస్తూ, ఎరిగిన దేవుళ్ళందరికీ మొక్కుతూ నిలబడ్డాను. దిగేసరికి ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, మోకాలు మడత పడడం లేదు. నేను ఏడుస్తున్నాను. ఆయన చెట్టుకు ఆనుకుని, ఊపిరి తీసుకుని అడిగాడు.

"భయమైందా?"

"చాన అయింది కాకా."

"నాకు రోజూ గంతే అయితది."

నర్సిములు ఆటో తెచ్చి ఆయన్ని ఇంటికి చేర్చాడు. ఆ మోకాలు మళ్ళీ సరిగా వంగలేదు, కాక మళ్ళీ పనికి రాలేదు. నా వల్లే అయిందని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంటే, "ఎన్నడన్న ఒకనాడు ఆగేదే" అని మాట మార్చాడు. నెల తిరిగాక మెషిన్ నాకే ఇచ్చాడు. ఇచ్చే ముందు మా ఆయన్ని పిలిపించి, ఇంటి ముందు స్తంభానికి తాడు కట్టి, ఎంత వదలాలో ఎప్పుడు బిగించాలో మూడు రోజులు నేర్పించాడు. చెట్టెక్కొద్దన్న నర్సిములు ఆటోను పొద్దునా సాయంత్రం మాత్రమే నడుపుతూ, పగలంతా నా కింద తాడు పట్టడం అప్పుడు మొదలుపెట్టాడు. పిల్లలు నారాయణఖేడ్‌లోనే చదువుకున్నారు. కాక చివరికి మంచాన పడి ఉన్న రెండేళ్ళూ నేను పోయినప్పుడల్లా ఏ చెట్టు, ఏ కొమ్మ అని అడిగి, కోసిన తీరు చేతులతో చూపించమనేవాడు.

ఇప్పుడు కోత మొదలుపెట్టే ముందు నేనొకసారి కిందికి చూస్తాను. కొమ్మ పడే చోటును కాదు, తాడు పట్టిన మనిషి ముఖాన్ని. ఆ ముఖంలో భయం కనిపిస్తే మెషిన్ ఆపి, దిగి, చెట్టును మళ్ళీ చూసుకుంటాను. నర్సిములు ముఖం నాకు ఇంట్లో కంటే చెట్టు మీది నుంచే బాగా తెలుసు. శరణప్ప కాక నా కింద ఏడాదిన్నర నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఆయన చెప్పినవన్నీ విన్నాను, చూపినవన్నీ చూశాను, ఒక్కసారి మాత్రం పైనుంచి ఆయన ముఖం వైపు చూడలేదు.