మూతి నుంచి మొదలయ్యే బుట్ట

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పక్కింటి ఐరిష్ తాత దగ్గర గడిపిన ఒక పగటిపూట గురించి రాయకపోతే అది నాతోనే పోతుంది. ఐర్లండ్ పల్లెల్లో బంగాళాదుంపలు వీపున మోసే బుట్టల గురించి మా లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఏ బళ్లోనూ చెప్పని సంగతులు అక్కడ సొంతంగా నేర్చుకున్నాను. ఆ బుట్ట ఎలా అల్లాలో పుస్తకాల్లో ఉంది. తాత నాచేత ఎందుకు అల్లించాడో మాత్రం లేదు.

ఆ రోజు పొద్దున్నే, నెలలు నిండకుండానే అమ్మకు నొప్పులు వచ్చాయి. నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్ను తాతకు అప్పగించారు. నాకు కాలు నిలవలేదు. ఏ కారు చప్పుడైనా నాన్నదే అనిపించి గేటుకు పరిగెత్తేదాన్ని.

తాత నానబెట్టిన విల్లో చెట్టు కొమ్మలను పెరట్లో నేలలో నిలువుగా గుచ్చాడు. "రా అమ్మాయ్, పాపాయి బట్టలకు బుట్ట కావాలిగా!"

"మరి దీనికి అడుగేది?"

"మాకు మూతి ముందు, అడుగు ఆఖర్న. ఆస్ట్రేలియాలో అందరూ తలకిందులుగా నడుస్తారని మావాళ్లు నవ్వేవాళ్లు. మా బుట్టలే తలకిందులు!"

సన్నకొమ్మను ఒక నిలువు కొమ్మ ముందు నుంచి, తర్వాతి దాని వెనక నుంచి పోనిచ్చి కిందికి నొక్కాలి. కాస్త అల్లడం, గేటుకు పరిగెత్తడం, తిరిగి రావడం. మధ్యాహ్నం దాటినా బుట్ట నా మోకాలి ఎత్తుకు రాలేదు.

"ఇది పెరగదేంటి తాతా?"

"నువ్వు గేటుకు పోయినప్పుడల్లా ఒక వరస విప్పేస్తున్నా."

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎందుకని అరిచాను.

"అక్కడ నిలబడితే కారు తొందరగా వస్తుందా? ఇక్కడ కూర్చుంటే బుట్టైనా వస్తుంది. పోతే పో. విప్పడానికి నాకు బోలెడు ఓపికుంది."

పళ్లు బిగించి కూర్చున్నాను. కార్లు పోతూనే ఉన్నాయి. ప్రతిదానికీ కాళ్లు గేటువైపు లాగాయి, లేవలేదు. నిలువు కొమ్మల చివర్లు వంచి అడుగు అల్లాక, ఇద్దరం కలిసి బుట్టను నేలలోంచి పెరికి తిరగేశాం. తలెత్తితే నాన్న పెరటి గుమ్మంలో ఉన్నారు. ఆయన కారు చప్పుడు నాకు వినిపించనే లేదు.

"అమ్మ బాగుంది. తమ్ముణ్ని గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరి తీసుకుంటున్నాడు," అన్నారు.

గండం గడిచిందని ఆయన అనలేదు. తాత ఇంకో బుట్టకు కొమ్మలు నానబెట్టాడు.

నాకు ఇప్పటికీ స్థిమితం తక్కువే. కబురు రావలసిన రోజున ఏదో ఒక పని చేతుల్లోకి తీసుకుని, అది పూర్తయ్యేదాకా లేవను. కావలసిన పుస్తకాలు తెప్పించి ఇచ్చిన లైబ్రరీ అమ్మాయికీ, ఈ రాత మొదట చదివి "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదక్కా?" అని అలిగిన మా తమ్ముడికీ నా కృతజ్ఞతలు.