బూడిద రంగు ఏడో నంబరు

వెర్లిన్ బ్రికర్ పట్టుదల గల మనిషి. పట్టుదల మంచిదే గాని, పంతం కూడా అదే వేషం వేసుకుని తిరుగుతుందన్న సంగతి అరవై దాటేదాకా అతనికి తెలియలేదు.

లైమా ఊరి కర్మాగారం తరతరాలుగా ఆవిరి ఇంజన్లు చేసింది. కాలం మారాక వ్యాగన్లను తోసే చిన్న డీజిల్ ఇంజన్లకు దిగింది గాని, అప్పటికే పొద్దుపోయింది. రెండు మూడేళ్లలో ఆ పని మూతబడింది. చేసినవి రెండు వందలు కూడా లేవు. వాటిలో ఒకటి ఊరి బయట సున్నపురాయి గనికి చేరి, గోతి అడుగున వ్యాగన్లను ఇటూ అటూ తోస్తూ బతికింది. దాని నంబరు ఏడు. తొమ్మిదేళ్లు దాన్ని నడిపినవాడు వెర్లిన్. ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేసిన రోజున కూడా పక్కనే నిలబడ్డాడు. ఆ గని ఇప్పుడు నీళ్ల గుంట. తోటివాళ్లు ఒక్కొక్కరే పోయారు. బండి గుర్తుగా మిగిలింది ఒకే ఒక నలుపు తెలుపు ఫోటో.

ఫోటోలో లేనిది రంగు. గని యజమాని బావమరిదికి రంగుల కొట్టుండేది. బడి బస్సులకు వేయగా మిగిలిపోయిన పసుపు డబ్బాలు తెచ్చి బావగారికి అంటగట్టాడు. తెల్లటి సున్నపు దుమ్ము మధ్య ఆ పసుపు బండి కోడిపిల్లలా కనబడేది. పనివాళ్లు అలాగే పిలిచేవాళ్లు. తర్వాత అతని పెళ్లామైన నోరీన్ అప్పట్లో భోజనం డబ్బా పట్టుకొచ్చి, గట్టు మీద నిలబడి, నీ కోడిపిల్ల ఇవాళ గింజలు తిన్నదా అని కేకేసేది. వెర్లిన్ సిగ్గుపడి చచ్చేవాడు.

ఆ బండి బొమ్మ నమూనా ఒకటి సంపాదించి, ఆ పసుపు వేసి, బొమ్మ రైళ్లు నడిపేవాళ్ల క్లబ్బు పట్టాల మీద నలుగురి ముందూ నడపాలి. ముసలితనంలో వెర్లిన్ కోరుకున్నది ఇంతే. తను పోతే ఆ రంగు కూడా తనతోనే పోతుంది. కానీ అలాంటి అరుదైన బండ్ల నమూనాలు కొట్లో దొరకవు. ఎప్పుడో జపాన్‌లో చేత్తో చేసిన ఇత్తడివి కొన్ని వందలు మాత్రం వచ్చాయి. కొన్నవాళ్లు రంగు వేయకుండా, పెట్టె మూత తీయకుండా బీరువాల్లో దాచుకున్నారు. వెర్లిన్ పదకొండేళ్లు వెతికాడు. పోయినవాళ్ల సామాను అమ్మే ఇళ్లకు పోయి, బాధలో ఉన్న ఆడవాళ్లను మీ ఆయనకు రైలు బొమ్మలు ఉండేవా అని అడిగి తిట్లు తిన్నాడు.

ఈ తిరుగుళ్లలో తోడు డ్వైట్ ఆన్స్‌పా. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనవాడు, క్లబ్బు అధ్యక్షుడు. జీవితంలో ఒక్క ఇంజను కూడా ఎక్కకపోయినా ఇంజన్ల గురించి గంటలకొద్దీ చెప్పగలడు. పదకొండేళ్లూ ఇద్దరూ ఒకే కారులో రైలు బొమ్మల సంతలకు తిరిగారు.

ఒక ఆదివారం ఊరి మైదానం హాల్లో జరిగే సంతలో, ఒక మూల బల్ల మీద ఆ ఇత్తడి నమూనా పెట్టెతో సహా కనబడింది. లోపలి కాగితం కూడా నలగలేదు. వెర్లిన్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ సంతల్లో రాతలేని కట్టుబాటు ఒకటుంది. సరుకు నీ చేతిలో ఉన్నంతసేపూ ఇంకొకడు దాని ధర అడగకూడదు. బల్ల మీద పెట్టావా, అది ఊరందరిదీ. ఇంకో అలవాటు కూడా ఉంది. ఆశ బయటపెడితే ధర దిగదని, అక్కర్లేనట్టు నటించడం. పదకొండేళ్ల అలవాటు వెర్లిన్ చేత ఆ పనే చేయించింది. నాలుగు వందల డాలర్లని విని పెదవి విరిచి, పెట్టె కింద పెట్టి, హాలంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. వచ్చేసరికి పెట్టె డ్వైట్ చంకలో ఉంది.

"నువ్వు కింద పెట్టేశావు" అన్నాడు డ్వైట్.

"ఎందుకు పెట్టానో నీకు తెలీదా?"

"తెలుసు. నేను తియ్యకపోతే నా వెనకాలున్నోడు తీసేవాడు."

"అయితే నాకోసం తీశావా?"

డ్వైట్ పెట్టెతోనే కాఫీ బల్ల వైపు నడిచాడు. కట్టుబాటు ప్రకారం తప్పు వెర్లిన్‌దే, అడగడానికి నోరు లేదు. ఇంటికి వచ్చేది అదే కారులో. పెట్టె ఇద్దరి మధ్యా కూర్చుంది.

ఆకులు రాలే రోజుల్లో డ్వైట్ క్లబ్బు గోడ మీదున్న ఆ నలుపు తెలుపు ఫోటో పట్టుకుని వెర్లిన్ ఇంటికి వచ్చాడు. మొహంలో కాస్త తప్పు చేసిన బెరుకు కూడా ఉంది. నమూనాకు రంగు వేద్దామనుకుంటున్నానని, ఏ రంగో తెలిసినవాడు భూమ్మీద వెర్లిన్ ఒక్కడేనని, చెప్పింది చెప్పినట్టు వేస్తానని అన్నాడు.

"ఫోటోలో బూడిద రంగులా ఉంది. మరి నడిపినోడివి నువ్వు, నువ్వు చెప్పు."

"బూడిదే" అన్నాడు వెర్లిన్. "సున్నపు దుమ్ము కనబడకుండా అదే వేశారు."

కారణం కూడా అంత నున్నగా ఎలా వచ్చిందో అతనికే తెలియదు. డ్వైట్ బుద్ధిగా పుస్తకంలో రాసుకున్నాడు. వెర్లిన్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడని అప్పటికి తెలియలేదు.

వసంతంలో ప్రదర్శన పెట్టారు. బూడిద రంగు ఏడో నంబరుకు మొదటి బహుమతి వచ్చింది. డ్వైట్ అందరి ముందూ బండి నడిపే మీట వెర్లిన్ చేతికిచ్చి, మొదటిసారి నువ్వే నడపాలన్నాడు. పదకొండేళ్లు కలగన్న ఘడియ అది. నడిపాడు. జనం చప్పట్లు కొట్టి, చేయి కలిపి, ఇది నిజంగా ఇలాగే ఉండేదా అని అడిగారు. ఇలాగే ఉండేదన్నాడు.

కారెక్కాక నోరీన్ నోరు విప్పింది.

"అది పసుపు కదా, వెర్లిన్."

"తెలుసు."

"మరి చెప్పు వాళ్లకి."

"ఏమని చెప్పను? కుళ్లుకుని అబద్ధమాడానని చెప్పనా?"

"ఆఁ, అలాగే చెప్పు."

చెప్పలేదు. ఆ క్లబ్బులో మనిషికి విలువ ఇల్లూ వాకిలీ చూసి రాదు. పాత బండ్ల గురించి అతను చెప్పింది నిజమా కాదా అన్నదొక్కటే లెక్క. ఒక్కసారి పట్టుబడితే ఇక వాడి మాట ఎవరూ వినరు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏడాది దాటింది.

అప్పుడొక బొమ్మల కంపెనీ, ఆ నమూనా ఫోటో చూసి, అలాంటి ప్లాస్టిక్ బండ్లు మూడు వేలు చేయిస్తామని డ్వైట్‌కు రాసింది. డ్వైట్ పరుగున కాగితం పట్టుకొచ్చాడు. కాగితం నిండా బూడిద రంగు బండి బొమ్మ. పెట్టె మీద ఏం అచ్చు వేస్తారో కింద రాసి ఉంది: "ఈ ఇంజను నడిపిన వెర్లిన్ బ్రికర్ చెప్పిన రంగు." తప్పులుంటే ఇప్పుడే తెలపండి, లేకుంటే సంతకం చేయండి అని కోరారు.

"నీ పేరు పెట్టాల్సిందేనని నేనే పట్టుబట్టాను" అన్నాడు డ్వైట్. "ఆ రోజు సంతలో నేను చేసింది బాగోలేదు. ఆ బాకీ ఇలాగైనా తీరుతుందని."

కాఫీ పోస్తున్న నోరీన్ చేయి ఆగిపోయింది. ఆమె మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది. వెర్లిన్ ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు, చదవడానికి అందులో రెండు ముక్కలే ఉన్నా. తర్వాత కలం అడిగి సంతకం చేశాడు.

డ్వైట్ వెళ్లాక నోరీన్ కప్పులు తీసింది.

"అది పసుపని ఇక నేను చెప్పినా ఎవరూ నమ్మరు" అంది.