కోడుమూరు నుంచి కడపకు, ఒక బేరింగు విప్పించడానికి

పాత బుల్లెట్‌ను కడప దాకా తీసుకెళ్లి బాగు చేయించుకోవాలనుకునేవాళ్లకు ఈ రాత పనికొస్తుంది. నేను మాత్రం బాగు చేయించడానికి బయల్దేరలేదు. మూడేళ్ల కిందట మా ఆయన ఆ బండి మీద నుంచి కోడుమూరు దగ్గర పడి చనిపోయాడు. వెనక చక్రం ఉన్నట్టుండి పట్టేసి బండి జారిందని అక్కడ గొర్రెలు తోలుకొస్తున్న మనిషి చెప్పాడు. అంతకు పది రోజుల ముందే కడపలో ఖాదర్ సాబు అనే మెకానిక్ దానికి క్లచ్ బేరింగులు మార్చాడు. మా ఆయన భూస్థాపనకు ఖాదర్ సాబు అంత దూరం నుంచి వస్తే, మా చర్చి సంఘమంతా చూస్తుండగా "నువ్వు బిగించిన బేరింగే నా మొగుణ్ణి తినింది" అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని మా బడిలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన బదులు చెప్పకుండా గుప్పెడు మట్టి వేసి వెళ్లిపోయాడు.

పోయిన నెల కర్నూలు ఆసుపత్రిలో చీటీ వరుసలో నా పక్కన కూర్చున్నది ఆయన భార్య. నన్ను గుర్తుపట్టి కూడా నిష్ఠూరమాడలేదు. ఆ రోజు నుంచి ఆయన ఇంజను పని ముట్టుకోలేదని, పంక్చర్లు మాత్రం వేస్తున్నాడని చెప్పింది. ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు. బేరింగు నిజంగా పట్టేసి ఉంటే నా మాట నిలుస్తుంది. లేకపోతే ఒక మనిషి చేతి పనిని నేనే పోగొట్టినట్టు. చర్చి వెనక టార్పాలిన్ పట్టా కప్పి పెట్టిన బండిని ఖాదర్ సాబు కళ్లెదుటే విప్పించాలని ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

మా ఊరి ఓబులేసు ట్రాలీ రానూపోనూ ఎనిమిది వేలకు మాట్లాడుకున్నాను. బండిని తాళ్లతో కట్టి తెల్లవారుజామున అయిదుకు బయల్దేరితే ఆరింటికి కర్నూలు దాటాం. నంద్యాల చేరేసరికి ఎనిమిది. రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని బజ్జి ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు. నేను సగం వదిలేశాను. ఆళ్లగడ్డ దాటాక రోడ్డు బాగుంది, కానీ పదింటికే ఎండ మాడ్చేస్తోంది. అప్పటిదాకా ఊరకే ఉన్న ఓబులేసు మెల్లగా కదిలించాడు.

"ఆయప్పదే తప్పని తేలితే ఏం చేస్తావక్కా?"

తెలియదన్నాను.

"తప్పు లేదని తేలితే?"

మైదుకూరు వచ్చేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

పదకొండున్నరకు కడపలో ఖాదర్ సాబు కొట్టు ముందు దిగాం. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. బండి దించుతుంటే దాని వైపు చూడలేదు. నేను వచ్చిన పని చెప్పాను. పై అటక మీది పెట్టె దించి పానాలు గుడ్డతో తుడిచాడు. వాటి మీద దుమ్ము మందంగా పేరుకుంది.

ఇంజను తిరుగుడును గొలుసుతో క్లచ్‌కి అందించే భాగం బండి ఎడమ పక్కన ఒక మూత వెనక ఉంటుంది. ఆ మూతకు నడిమధ్య ఒకే నట్టు. ఆయన దానికి పానా పెట్టాడు. ఓబులేసు సాయం పట్టబోతే వద్దన్నాడు. తట్టలోకి నల్లటి నూనె కారింది. లోపల గొలుసు తెగలేదు, గొలుసు చక్రానికి పన్ను విరగలేదు. క్లచ్ డ్రమ్ము ఊడదీసి, స్టవ్ మీద వేడి చేసి, బేరింగులు ఒక్కొక్కటే తట్టి బయటికి తీశాడు. కిరసనాయిలులో కడిగి వెలుతురులోకి ఎత్తి పట్టాడు. అంచుల్లో తుప్పు కనిపించగానే నేను వేలు పెట్టి చూపించాను.

"ఇది నిలబెట్టిన బండికి చెమ్మతో పట్టిన తుప్పమ్మా. నడుస్తా నడుస్తా పట్టేసింటే గుండ్లు కాలి నీలంగా అయిపోతాయి. చూడు, యాడన్నా కాలిన మచ్చ ఉండాదేమో."

బేరింగును నా వేలికి తొడిగాడు. తిప్పాను. కొంచెం గరగరమంది, కానీ ఎక్కడా ఆగకుండా తిరిగింది. మరి చక్రం ఎందుకు పట్టేసిందని అడిగితే, గట్టిగా బ్రేకు తొక్కినా అంతేనన్నాడు. గొర్రెలు అడ్డమొచ్చి ఉంటాయి. కోడిపిల్ల అడ్డమొచ్చినా బండి ఆపే మనిషి మా ఆయన. గొర్రెల మందని విన్నప్పుడే నాకు ఆ సంగతి తట్టాల్సింది. కోపంలో తట్టలేదు.

నన్ను క్షమించమని అడిగాను. ఆయన బేరింగు వైపే చూస్తూ అన్నాడు:

"నేనూ నాదే తప్పనుకుంటినమ్మా. అందుకే ఆ పొద్దు నోరెత్తలే."

ఓబులేసు వెళ్లి ఆరువందల యాభైకి కొత్త బేరింగులు తెచ్చాడు. వాటిని పక్క సోడా కొట్టు ఐసుపెట్టెలో గంటసేపు పెట్టించారు. చల్లబడి కాస్త కుంచించుకుంటే, వేడి చేసిన డ్రమ్ములో సుత్తి దెబ్బ లేకుండా కూర్చుంటాయట. అలాగే కూర్చున్నాయి. మిగతా పనంతా అయ్యేసరికి నాలుగు దాటింది. కిక్కు కొడితే ఆరోసారికి ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని నేను కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కూలి ఎంతన్నా తీసుకోలేదు. ఆయనకు మొదటి నుంచీ ఒక అలవాటు ఉంది, తీసేసిన సామాను బండి వాళ్ల చేతిలోనే పెడతాడు. పాత బేరింగులు కాగితంలో చుట్టి నాకిచ్చాడు.

తిరుగు దారిలో ఆ పొట్లం నా ఒళ్లోనే ఉంది. బేరింగు సంగతి తేలితే మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. మా ఆయన పోయిన దుఃఖం ఉన్నచోటే ఉంది, దాని పక్కన ఇప్పుడు సిగ్గు కూడా చేరింది. ఆ మాట సంఘమంతటి ముందు అన్నాను కాబట్టి వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే నిలబడి వెనక్కి తీసుకుంటాను. ఖాదర్ సాబును, ఆయన భార్యను రమ్మన్నాను. వస్తామన్నారు. మీకు ఒక్క సూచన చెప్పి ముగిస్తాను. ఎక్కడ పని చేయించినా పాత బేరింగులు అడిగి తీసుకోండి. కడిగి, వేలికి తొడిగి తిప్పి చూడండి. ఎవరినైనా ఒక మాట అనాలనిపిస్తే ఆ తర్వాతే అనండి. నేను తిప్పి చూసేసరికి మూడేళ్లు ఆలస్యమైంది.