తెల్ల దుప్పటి మీద నగానో

సాయంత్రం నాలుగుంపావుకు అమ్మ పెట్టెలోంచి తెల్ల దుప్పటి తీసి ముందుగది గోడకున్న రెండు మేకులకు కట్టింది. ప్రతి నెలా రెండో ఆదివారం చేసే పనే. ఆ రోజు మాత్రం ఒక ముడి రెండుసార్లు జారిపోయింది.

ఈమధ్య నాన్నను సమాధి చేసిన రోజున మాట్లాడినవాళ్ళందరూ ఆయన ఎన్నడూ అబద్ధమాడి ఎరగడని అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. ఆయన ఒక అబద్ధం ఆడాడు. దాన్ని ఎలా దించుకున్నాడో నేను చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న పనిచేసే ఫ్యాక్టరీ ఆయన్ను శిక్షణ కోసం జపానుకు, నగానో అనే ప్రిఫెక్చర్‌కు పంపింది. ప్రిఫెక్చర్ అంటే మన జిల్లా కంటే పెద్దది, రాష్ట్రం కంటే చిన్నది అని చెప్పేవాడు. వానల్లో వెళ్ళి వానలు తగ్గకముందే తిరిగొచ్చాడు. అరువు తీసుకున్న కెమెరాలో రీలు సరిగ్గా ఎక్కించకపోవడంతో ఒక్క ఫోటో కూడా రాలేదు. బయలుదేరే ముందు రైల్వే స్టేషన్ దుకాణంలో, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం అమ్మే స్లైడ్ల పెట్టె ఒకటి కొన్నాడు. మత్సుమొటోలోని నల్లటి కోట, గడ్డకట్టిన సువా సరస్సు, చుట్టూ మంచు ఉండగా వేడినీటి గుంటలో కూర్చున్న కోతులు. ఫ్యాక్టరీలో మూల పడేసిన ప్రొజెక్టరును బాగుచేసుకుని నేరేడ్‌మెట్‌లోని మా ఇంట్లో వాటిని మొదటిసారి వేసినప్పుడు, అన్నీ నువ్వు తీసినవేనా అని ఎవరో అడిగారు. నాన్న "ఆ" అన్నాడు. అంతే.

తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే సందు దొరకలేదు. దూరదర్శన్ ఇంకా అందరి ఇళ్ళలోకీ రాని రోజులు. నెలనెలా మా చర్చి సంఘంవాళ్ళు వచ్చేవాళ్ళు. అమ్మ నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ కారప్పూసా పెట్టేది. స్టేషన్లో ఇచ్చిన ఇంగ్లీషు కరపత్రం నాన్నకు నోటికి వచ్చేసింది. వినేవాళ్ళు అడిగేకొద్దీ సంగతులు పెరిగాయి. చివరికి ఒక కోతి తన టోపీ లాక్కుపోయిందనే దాకా వెళ్ళింది. స్లైడ్ల అట్టల మీద జపాను అక్షరాలు అచ్చువేసి ఉండేవి. వాటిని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. అమ్మకు నిజం తెలుసు. అమ్మ చెప్పగా నాకూ తెలుసు.

ఆ నెలలో కొత్త సంఘపెద్దల పేర్లు ప్రకటించాల్సి ఉంది. మా పాస్టరు అయ్యగారు నాన్న పేరు అనుకుంటున్నట్టు ఇద్దరు ముగ్గురితో అన్నారు. మా తాత ఎదురుచూసి ఎదురుచూసి పొందకుండా పోయిన స్థానం అది. నాన్న ఆదివారం కోటును తానే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

అదే నెలలో కొత్త మిషను బిగించడానికి నగానో నుంచే ఒక ఇంజనీరు వచ్చాడు. ఆదివారం ఆయనకు ఊరు చూపించే పని నాన్నకు పడింది. ఆరాధన మానడం ఇష్టం లేక నాన్న ఆయన్ను చర్చికి తీసుకొచ్చాడు. ప్రకటనలప్పుడు అయ్యగారు సంతోషంగా, సాయంత్రం మా ఇంట్లో అతిథితో కలిసి ఆయన ప్రాంతపు చిత్రాలే చూద్దామని అందరినీ పిలిచేశారు. నాన్న లేచి కాదనలేకపోయాడు.

అతిథిని గెస్ట్‌హౌస్‌లో దింపి వచ్చాక నాన్న అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. బల్బు పోయిందని చెబుదామా అని అమ్మ అడిగింది. అది ఇంకో అబద్ధమవుతుందన్నాడు. అయితే తాను మెయిన్ స్విచ్ కింద నిలబడతాననీ, మాట తేడా వస్తే కట్టేస్తాననీ, కరెంటు పోవడం మన ఊళ్ళో వింత కాదనీ అమ్మ అంది. అమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిలో చదువు చెప్పేది. పిల్లల అబద్ధాలు ఇట్టే పట్టేసే మనిషి. నాన్న సరేననలేదు, వద్దనీ అనలేదు.

చీకటి పడేసరికి గది నిండింది. అల్వాల్ నుంచి మేనత్త వచ్చి ముందు చాప మీద కూర్చుంది. కుర్చీలో అతిథి, ఆయన పక్కన అయ్యగారు. అమ్మ మెయిన్ స్విచ్ కింద నిలబడింది. లైటు ఆర్పేసినా ప్రొజెక్టరు వెలుగులో ఆమె చెయ్యి నాకు కనిపిస్తూనే ఉంది.

కోట వచ్చింది. అతిథి తల ఊపాడు. సరస్సు వచ్చింది. చలికాలంలో దాని మంచు పగిలి, మధ్యలో గట్టులా పైకి లేస్తుందని నాన్న ఎప్పటిలాగే చెప్పబోయి సగంలో ఆపాడు. ఆ సరస్సు పక్కనే అతిథి పనిచేసే కర్మాగారం. మూడోది కోతులు.

"ఇగో, గా ఎడమ పక్కది. గదే మా తమ్ముని టోపీ గుంజుకున్నది," అని మేనత్త వెనకవాళ్ళకు చూపించింది. అందరూ నవ్వారు.

అతిథి ముందుకు వంగి, మీరు అక్కడికి ఏ నెలలో వెళ్ళారు అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. గదిలో సగం మందికి ఇంగ్లీషు వచ్చు. నాన్న వెళ్ళింది వానల్లో, దుప్పటి మీద ఉన్నది మంచు. అమ్మ చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్ళింది. నాన్న అటు చూశాడు.

"వద్దు," అన్నాడు. "లైటెయ్."

అమ్మ లైటు వేసింది. దుప్పటి మీద కోతులు వెలిసిపోయాయి.

"నేను గా కోతులకాడికి పోలే అయ్యగారూ," అన్నాడు నాన్న. "గీ ఫోటోలు నేను తీసినయి గావు. స్టేషన్ల కొన్న. మీ అందరికి అబద్ధం చెప్పిన."

మేనత్త మెల్లగా అడిగింది. "మరి టోపీ ఏడ వోయింది తమ్మీ?"

"బస్సుల మర్చిపోయిన అక్కా."

ఎవరూ నవ్వలేదు. అయ్యగారు సంగతేమిటో అతిథికి ఇంగ్లీషులో చెప్పారు. ఆయన గాభరాపడి లేచి, నాన్నకు వంగి దండం పెట్టాడు. ఆయన అడిగింది వేరే ఉద్దేశంతో. ఆ కోతుల్ని ఆయన కూడా ఎప్పుడూ చూడలేదట. పిల్లలు తీసుకెళ్ళమని ప్రాణం తీస్తున్నారట. ఏ నెలలో వెళ్తే కోతులు నీళ్ళలోకి దిగుతాయో, చూసి వచ్చినవాణ్ణి అడిగి తెలుసుకుందామనుకున్నాడట.

అయ్యగారు అది తెలుగులో చెప్పగానే గది కొంచెం తేలికపడింది. ఇక్కడే పుట్టి తాను సుత గోల్కొండ ఎక్కలేదని వెనక ఎవరో అన్నారు. అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

"మరి మీరు అక్కడ చూసిందేంటండీ?" అని అయ్యగారు అడిగారు.

సరస్సు చూశానంటే సరిపోయేది. వానల్లో దాన్ని ఆయన చూశాడు, అదీ నిజమే. నాన్న ప్రొజెక్టరు ఆపేసి, లైటు కూడా తీసెయ్యమని అమ్మకు చెప్పాడు.

చీకట్లో చెప్పాడు. ఒక ఆదివారం, తాను దిగిన హాస్టలులోని వాళ్ళు తనను నగానో పట్నంలోని జెన్‌కోజీ అనే పెద్ద బౌద్ధ ఆలయానికి తీసుకెళ్ళారు. పీఠం కింద ఒక దారి ఉంది. మెట్లు దిగాక కంటికి ఏమీ ఆనదు. కుడిచెయ్యి గోడకు ఆనించి తడుముకుంటూ నడవాలి. దారిలో ఒక తాళం ఉంటుంది, అది చేతికి తగిలితే పరలోకం దక్కుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. మలుపులో నాన్న గోడ వదిలేశాడు. ఎటు తిరిగినా ఏమీ తగల్లేదు. పిలుద్దామంటే భాష రాదు. వెనక వస్తున్న ఎవరో ముసలామె ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ గోడ మీద పెట్టింది.

"తాళం దొరికిందా?" మేనత్త అడిగింది.

"దొరకలే అక్కా. ఆమె చెయ్యి ఇడవకుండ బయటికొచ్చిన."

అన్యదేవుని గుడిలో, ఆరాధన రోజున, పరలోకపు తాళం కోసం చెయ్యి చాపినట్టు నాన్న సంఘమంతటి ముందు తన నోటితోనే చెప్పాడు. అమ్మే లైటు వేసి, గులాబీ పువ్వుల పళ్ళెం తెచ్చింది. అయ్యగారు ఎప్పుడూ చేసే ముగింపు ప్రార్థన ఆ రోజు పొట్టిగా చేశారు. అయ్యగారు ఇంగ్లీషులో చెప్పగా సంగతి విన్న అతిథి, వెళ్తూ నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ దారిలోకి తానూ ఎప్పుడూ దిగలేదన్నాడు.

తర్వాతి ఆదివారం సంఘపెద్దల పేర్లు చదివారు. నాన్న పేరు లేదు. ఇస్త్రీ కోటులో నిటారుగా కూర్చుని చివరి పేరు దాకా విన్నాడు. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు అమ్మ అడిగింది.

"అబద్ధానికా, ఆ గుడిలోకి వెళ్ళినందుకా?"

"నాకేమెరుక. రెండూ నేనే చెప్పిన గదా."

నాన్న సంఘపెద్ద కాకుండానే పోయాడు. చర్చికి వెళ్ళడం మాత్రం ఒక్క వారం కూడా మానలేదు. ఆ దుప్పటిని అమ్మ చినిగిపోయేదాకా మంచం మీద పరిచింది. రెండో ఆదివారాల్లో మా ముందుగది గోడకు ఇప్పుడు ఎవరూ దుప్పటి కట్టరు.