గోడ అవతలి నాడె చప్పుడు

ఇన్నేండ్లుగా నేను మోస్తున్నది ఒక చప్పుడు. బరువంటే మూటలాగానో రాయిలాగానో ఉంటుందనుకుంటారు. నాది చప్పుడు. టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ టక్. అన్నం తింటున్నా ఉంటుంది, కండెలు చుడుతున్నా ఉంటుంది. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వుతాను, అప్పుడూ ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. మొఖం తెలిసినవాళ్లకు చెప్పాలంటే నాకు నోరు రాదు. చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని చదువుతాను, సంతకం పెడతాను, అంతే. అందుకే నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నా గొంతు మొదటి నుంచీ బొంగురే, మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి. మా మాటను పుస్తకాల తెలుగులో పెడతానంది, సరే అన్నాను. మనుషులు అన్న మాటలను మాత్రం ఎట్లా అన్నారో అట్లాగే ఉంచమన్నాను.

కొత్త టీవీ కొనకపోయుంటే ఇది నాతోనే మట్టిలోకి పోయేదేమో.

మాది రాజోలి, నేత ఇల్లు. ముందు గదిలో ఒక పక్క గుంట మగ్గం, ఎదురుగా చెక్క బల్ల మీద వెనక పెద్ద డబ్బా ఉన్న పాత టీవీ. ఈ మధ్య అందులో మనుషుల మొఖాలు సగం ఆకుపచ్చగా పడేవి. చప్పుడు బాగానే వచ్చేది. కానీ మా ఇంట్లో పెట్టేవాళ్లు కాదు. నా కొడుకు ఆ బొమ్మల నోళ్లు చూసి మాటలు ఊహించుకుంటూ పెరిగాడు. నాయనకు చప్పుడు పడదని తోటి పిల్లలకు చెప్పుకునేవాడు. ఎందుకు పడదో వాడికి తెలియదు. నాకు తెలుసు.

మొన్న అమావాస్యకు ముగ్గురం గద్వాల బస్సెక్కాము. అమావాస్య నాడు మా ఇళ్లలో మగ్గం ఎక్కరు, కాబట్టి తీరిక. ఆ రోజు కొత్త వస్తువు ఇంటికి తేకూడదు, అయితే చూసి పెట్టుకుంటే ఏమీ కాదు కదా అన్నాడు కొడుకు. కోడలు ముందే గోడను మూరలేసి కొలుచుకుని వచ్చింది.

షాపులో గోడ పొడుగునా టీవీలే. అన్నిట్లోనూ ఒకటే చేప ఈదుతోంది. నా కొడుకు పోయి అన్నిటికంటే పెద్దదాని ముందు నిలబడ్డాడు. అంత పెద్దది మన ఇంట్లో పెడితే వచ్చి మీద పడ్డట్టు ఉంటుందని కోడలు అంది. అమ్మకు చూపు ఆనడం లేదు, మొఖాలు పెద్దగా కనబడాలి అని కొడుకు. వాడు నా కోసమే కొంటున్నాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండింది.

షాపు అబ్బాయి సౌండు ఎంత బాగుంటుందో వినండని పెంచాడు. డప్పులు మోగాయి. నేను పక్కనున్న బల్ల పట్టుకున్నాను. అది తగ్గించేది ఎక్కడుంది అని అడిగాను.

"అందరు పెంచేది ఏడుంది అని అడుగుతరు పెద్దమ్మా, నువ్వు తగ్గించేది అడుగుతున్నవ్. ఇంట్ల చంటిపిల్లలున్నరా ఏంది?" అన్నాడు.

కొడుకు నవ్వాడు, కోడలు నవ్వింది, నేనూ నవ్వాను. లోపల టక్ టక్ అంటూనే ఉంది. పెద్దదే ఖాయం చేశారు. మరునాడు పంపిస్తాం, పాతది మేమే తీసుకుపోతాం అన్నారు.

మరునాడు బిగించే మనిషి వచ్చాడు. అంత పెద్ద టీవీని బల్ల మీద పెట్టలేము, గోడకే పెట్టాలన్నాడు. ముందు గదిలో ఖాళీగా ఉన్న గోడ ఒకటే. దాని అవతల లోపలి గది. ఇప్పుడు నేను పడుకునేది అక్కడే, ఒకప్పుడు మా అత్తమ్మ పడుకున్నదీ అక్కడే. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. గోడ ఎక్కడ గట్టిగా ఉందో చూడడానికి ఆ మనిషి వేలి కణుపులతో కొట్టి చూశాడు.

టక్, టక్. ఆగి, టక్.

"వస్తున్న అత్తమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. గిన్నె అక్కడే పెట్టి, తడి చేతులతో లోపలి గది గడప దాకా పోయాను కూడా. అక్కడ నా మంచం, నా దుప్పటి. ఎవరూ లేరు.

కోడలు నా వెనకే వచ్చింది. "ఎవరికి చెప్తున్నవ్ అత్తమ్మా?" అంది. ఎవరికీ కాదన్నాను. నా మొఖం చూసి అప్పటికి ఊరుకుంది. బిగించే మనిషి వెళ్లిపోయాక వచ్చి నా పక్కన కూర్చుని మళ్లీ అదే అడిగింది. అడిగావు కదా, అయితే కాగితం తెచ్చుకో అన్నాను.

మా అత్తమ్మ మంచిదా చెడ్డదా అని మీరు అడగవచ్చు. మంచిదే. చెడ్డదైతే నాకు కొంత సులువుగా ఉండేది. నాకు మగ్గం పని నేర్పింది ఆమే. గద్వాల చీరకు అంచు కలపాలంటే ఇద్దరు కావాలి. ఒకరు గుంటలో కూర్చుని నేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె, అంటే పోగును అటూ ఇటూ నడిపే చెక్క, అందించాలి. నేను ఆ పక్క మనిషిని. మగ్గం మోతలో ఒక పోగు తెగితే చప్పుడు ఏ కొంచెమో మారుతుంది. అది నా చెవికి చిక్కేది. మా ఆయనకు ఏండ్ల తరబడి మగ్గం మోతలో ఉండి చెవులు మందగించాయి. పోగు తెగితే నేనే ఆయన భుజం తట్టేదాన్ని. "నా కోడలు చెవులతోనే నేస్తది" అని అత్తమ్మ వాడంతా చెప్పుకునేది.

ఆమె పడిపోయి నడుము పోయింది. మంచం పట్టింది. గొంతు కూడా సన్నబడింది. పిలవడానికి ఉంటుందని మా ఆయన ఒక పాత నాడె చేతికిచ్చాడు. నాడె కొసలకు ఇనుము ఉంటుంది. దాంతో గోడ కొడితే నేను పోయేదాన్ని. మగ్గం ఎంత మోగుతున్నా ఆ టక్ టక్ నాకు వినపడేది, అంచు నాడె పక్కన పెట్టి లేచేదాన్ని. పక్కకు తిప్పాలి, నీళ్లు పట్టాలి, గుడ్డ మార్చాలి. ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు. ఎవరొచ్చిండ్రు పిల్లా అని అడిగేది, అంతే.

ఆ రోజు అమావాస్య. మగ్గం లేదు. కొడుకు బడికి పోయాడు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు లేచానో. మధ్యాహ్నం మా ఆయన తన చెవులకు సరిపడా టీవీ పెద్దగా పెట్టుకుని, చూస్తూ చూస్తూ చాప మీదే నిద్రపోయాడు. నేను కూర్చున్నాను. ఏదో సీరియల్. మగ్గం లేని రోజు, మగడు నిద్రపోతున్న వేళ, నాకంటూ దొరికిన కాసింత సేపు. అందులో ఎవరు ఎవరిని ఏమన్నారో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. దాని కోసమా?

గోడ చప్పుడైంది. ఇప్పుడే కదా పోయొచ్చాను అనుకున్నాను. మళ్లీ అయింది. ఎవరొచ్చిండ్రు అని అడగడానికే అనుకున్నాను. మళ్లీ అయింది.

లేచాను. లేచి లోపలికి పోలేదు. టీవీ దగ్గరికి పోయాను. రిమోటు ఎప్పుడో పోయింది, పెట్టెకే బొత్తాం ఉండేది. బొటనవేలితో నొక్కాను. చప్పుడు ఇంకా పెంచాను. పెంచి వచ్చి కూర్చున్నాను.

అయినా వినపడింది. అదే చెప్పాలి నేను. పోగు తెగితే పట్టుకునే చెవికి అది వినపడదా? మొదట తొందర తొందరగా కొట్టింది. తర్వాత మెల్లగా. తర్వాత చాలా ఆగి, ఒకటి. ఆ తర్వాత లేదు. అప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? అమ్మయ్య, నిద్రపోయింది అనుకున్నాను. ఆ అమ్మయ్య అన్న మాటే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

సీరియల్ అయిపోయాక పోయాను. మంచానికీ గోడకూ మధ్యకు జారి ఉంది. నీళ్ల చెంబు పడిపోయి ఉంది. నోట్లో కఫం అడ్డం పడింది. నాడె పిడికిట్లోనే ఉంది. నేను అరిచిన అరుపుకు మా ఆయన లేచాడు. వాడలో మందులిచ్చే ఆయన వచ్చి నాడి చూసి, జర ముందుగాల పక్కకు తిప్పుంటే దక్కేది అన్నాడు. అని వెళ్లిపోయాడు.

మా ఆయన నా దిక్కు తిరిగాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగాడు.

"మగ్గం మోతల ఇనేదానివి. టీవీ మోతల ఇనవడలేదా?"

టీవీ ఇంకా మోగుతూనే ఉంది.

"నువ్వు సౌండు గంత పెంచి పండితివి. నాకెట్ల ఇనవడ్తది?" అన్నాను.

అంతే. అంతకంటే ఏమీ అనలేదు. ఆయన పోయి టీవీ ఆపాడు. ఆ బొత్తాం మీద అప్పటికి నా వేలి చెమట ఆరిందో లేదో. తాను పెట్టినదానికంటే ఎక్కువగా ఎందుకు మోగుతోందని ఆయన అడగలేదు. ఆ చెవులకు తేడా తెలియలేదు. తెలిసిందా? తెలిసీ నన్ను కాపాడాడా? ఇది కూడా నన్ను తొలుస్తూనే ఉంది. ఆయన లేడు, ఎవరిని అడగను?

ఆ రోజు నుంచి మా ఇంట్లో టీవీకి చప్పుడు లేదు. బొమ్మలు మాత్రం చూసేవాడు మా ఆయన. పక్కింట్లో పెద్దగా పెడితే పోయి, జర తగ్గించుర్రి, లోపల ఎవరన్న పిలుస్తుండొచ్చు అని చెప్పి వచ్చేవాడు. వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఏటా పెత్తరమాసకు, పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, తల్లి పటం ముందు విస్తరి పెట్టి, తప్పు నాదే అమ్మా అనేవాడు. మా మగవాళ్లు ఏడవరు, ఆయన ఏడ్చేవాడు. నేను వెనక పరమాన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. చెప్పవచ్చు. గిన్నె కింద పెట్టి, నీది కాదు అని ఒక్క మాట చెప్పవచ్చు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చెబుదాం అనుకునేదాన్ని. చెబితే నన్ను వెళ్లగొడతాడని భయమా? కాదు. వెళ్లగొట్టడు, ఆయన అట్లాంటివాడు కాదు. నన్ను చూసే చూపు మారుతుంది. దానికి భయపడి ఆయన మీద తల్లిని చంపిన బరువు పెట్టాను. రోజూ అన్నం పెడుతూ పెట్టాను.

కర్నూలు దవాఖానాలో ఆయన చివరి రోజు. అక్కడ టీవీ లేదు. కళ్లు తెరిచి, "టీవీ బంద్ చెయ్యి. అమ్మ పిలుస్తుంది" అన్నాడు.

"బంద్ చేసిన" అన్నాను.

చెవి దగ్గర వంగి అన్నాను. ఇంకో మాట కూడా చెప్పగలిగేంత దగ్గరగా ఉన్నాను. చెప్పలేదు. లేని టీవీని ఆపానని చెప్పి పంపించాను ఆయనను.

పాత టీవీని ఆటోలో ఎక్కించే ముందు నేను ఆ బొత్తాం మీద వేలు పెట్టి చూశాను. అరిగి నున్నగా ఉంది. కొడుకు, మనసొప్పుతలేదా అమ్మా అన్నాడు. లేదన్నాను. వాడికి ఇంకా తెలియదు. ఈ కాగితం చదివితే తెలుస్తుంది. చదవనీ. వాళ్ల నాయన మీద నుంచి ఆ మాట దిగాలి. నేను ఏమైపోయినా సరే.

కొత్త టీవీలో మొఖాలు మనిషంత పెద్దగా ఉన్నాయి. కొడుకు సరదాగా చప్పుడు పెట్టుకుంటున్నాడు, తగ్గించమని నేను అనను. గోడకు ఇవతల మంచం మీద పడుకుంటే సున్నం కింద నాడె కొట్టిన గుంటలు చేతికి తగులుతాయి. ఎన్నిసార్లు సున్నం వేసినా తగులుతాయి. రేపు నేను గోడ కొడితే ఎవరూ రాకపోయినా అడిగే హక్కు నాకు లేదు. ఈ మాట కోడలితోనే అన్నాను. కలం ఆపింది, మళ్లీ రాసింది.

చెప్పడం అయిపోయాక, రాసింది చదివి వినిపించమన్నాను. చదివింది. అత్తమ్మ గోడ కొట్టిన చోటికి వచ్చాక గొంతు తగ్గించి గబగబా చదివింది. కాగితం లాక్కుని నేనే వేలు పెట్టి కూడబలుక్కున్నాను. 'టీవీ మోతలో సరిగా వినపడలేదు' అని ఉంది.

గట్ల రాయమన్లే కద అన్నాను. తల వంచుకుంది. "నీ కొడుకు చదువుతడు అత్తమ్మా" అంది.

కలం తీసుకున్నాను. ఆ ముక్క కొట్టేశాను. నాకు చాలా సేపు పట్టింది, అక్షరాలు వంకర పోయాయి. పైన నా చేత్తో నేనే రాశాను.

వినపడింది.