ఇస్త్రీ చేసిన శాసనం

ఎలియాన్ తూర్నెమీన్ ఆ చదువులోకి వచ్చిందే పొరపాటున వేరే తలుపు తోసి. వాళ్ళమ్మ వియెర్జోన్‌లో పింగాణీ పళ్ళేలకు నీలం అంచు దిద్దేది. కూతురు లాటిన్ చదివి టీచరమ్మ కావాలని పారిస్ పంపింది. మొదటి రోజే ఆ పిల్ల ఒక గదికి వెళ్ళబోయి ఇంకో గదిలో కూర్చుంది. లోపల పట్టుమని పదిమంది లేరు. నల్లబల్ల దగ్గర ప్రొఫెసర్ రోక్‌బ్రూన్, సొంత కొడుకు కళ్ళు పీకించిన ఒక మహారాణి కథ చెబుతున్నాడు. మధ్యలో లేచి వెళితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని మొహమాటపడి అలాగే ఉండిపోయింది. మర్నాడు కూడా మొహమాటమే. అలా మొహమాటపడుతూనే బైజాంటైన్ చరిత్రకారిణి అయిపోయింది.

పారిస్‌లో గోబ్లాఁ పేట వెనక వీధిలో ఒక పాత మేడ, పై కప్పు కింది గది ఆమెది. కింద వాకిట్లో మదామ్ బుస్కే ఉండేది. పెద్ద హోటల్లో ఇస్త్రీ చేసి రిటైరైన మనిషి, మేడలో అందరి దుప్పట్లూ ఆవిడ చేతిమీదుగానే వెళ్ళేవి. దుప్పటి మడతపెట్టి ఇచ్చేలోపు ఆ ఇంటి సంగతులన్నీ ఆరా తీసేది.

"ఇంతకీ మీరు చదివేదేంటి, మద్మొజెల్?"

"బైజాంటైన్ చరిత్ర, మదామ్."

"అది ఏ దేశం?"

"ఇప్పుడు లేదండీ. తూర్పు రోము సామ్రాజ్యం. వాళ్ళు తమని రోమువాళ్ళమనే చెప్పుకునేవాళ్ళు. మాట్లాడేది గ్రీకు. ఉండేది ఎక్కువగా ఇప్పటి టర్కీలో."

మదామ్ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది. "ఆగండాగండి. రోమువాళ్ళు, గ్రీకు మాట్లాడుకుంటూ, టర్కీలో ఏం చేస్తున్నట్టు?"

"నాకూ సరిగ్గా తెలీదు. అందుకే చదువుతున్నా."

"లేని దేశం గురించి తెలీక చదవడమా! పోనీ అక్కడ పెళ్ళికొడుకెవరైనా ఉన్నాడా?"

"ఉన్నా, పోయి చాలా కాలమై ఉంటుంది."

మదామ్ పడీ పడీ నవ్వింది. సాయంత్రానికల్లా రొట్టెల కొట్టులో అందరికీ తెలిసిపోయింది, పై అంతస్తు అమ్మాయికి లేని దేశంలో ఉద్యోగమని.

చదువు ముదిరాక ఎలియాన్ నిజంగానే టర్కీ కొండల్లో ఒక పల్లెకు వెళ్ళింది. అక్కడ పశువుల పాకలో నీళ్ళతొట్టికి ఆనించి ఒక చెక్కుడు రాయి ఉంది. ఫలానా బిషప్పు పాడైన చర్చిని బాగుచేయించాడని పైన మూడు వరసలు. కింద అరిగిపోయిన నాలుగో వరస. ఆమె ఆ రాతిమీద మందపాటి తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్‌తో కొట్టి కొట్టి అచ్చు తీసింది. ఆరాక ఊడదీస్తే కాగితం వెనక అక్షరాలు గడ్డల్లా పైకి లేచాయి. నాలుగో వరసను వేళ్ళతో తడిమి చూస్తే ఒక సంవత్సరం తగిలింది. ఆ ఊరు అప్పటికి ఎప్పుడో పాడుబడిపోయిందని పెద్ద పెద్దవాళ్ళంతా రాసి ఉన్నారు. ఆ సంవత్సరమే నిజమైతే వాళ్ళంతా తప్పు. ఫోటో కూడా తీసింది గానీ, సరిగ్గా కింది వరస మీదే ఆమె టోపీ నీడ పడింది. తర్వాతి ఏడాది అక్కడికి వెళ్ళిన ఒకాయన చెప్పాడు, రాయిని పగలగొట్టి రోడ్డుకు వేసేశారని.

ఇక ఆ కాగితమే దిక్కు. ఆమె థీసిస్ అంతా ఆ నాలుగో వరస మీదే కట్టింది. టైపు చేయించి పరీక్షకులకు పంపేసింది కూడా.

అందరి ముందు జరిగే నోటి పరీక్షకు కొద్ది రోజుల ముందు కప్పు కారి కాగితం తడిసింది. మడతపడకుండా నెమ్మదిగా ఆరాలని ఎలియాన్ దాన్ని వాకిట్లో తీగెకు, దుప్పట్ల పక్కన క్లిప్పులు పెట్టి, లైబ్రరీకి వెళ్ళింది. ఇంతలో ఆకాశం నల్లబడింది. మదామ్ బుస్కే పరుగున వచ్చి దుప్పట్లతో పాటు దాన్నీ లోపలికి లాక్కుపోయింది.

సాయంత్రం ఎలియాన్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి మదామ్ ఎదురొచ్చింది. చేతిలో చదునైన తెల్ల కాగితం, దానికో నీలం రిబ్బను, మీద లావెండర్ రెమ్మ.

"ఎంత ముడతలు పడిందో చూశారా? ఒకటే గడ్డలు! గంజినీళ్ళు చల్లి అద్దంలా తీశాను. ఒక్క మూల మాత్రం కాస్త కమిలింది, ఏమనుకోకండి."

ఎలియాన్ కాగితాన్ని తడిమింది. టేబుల్ మీద గుడ్డలా నున్నగా ఉంది. తిప్పి వెనకవైపూ తడిమింది. చివరికి, "థాంక్స్, మదామ్," అంది.

"అయ్యో, ఇందులో ఏముంది! శనివారం పరీక్షకు నేనూ వస్తున్నా. ఎవరైనా రావచ్చటగా! కొత్త టోపీ కూడా తీశా."

పైకి వెళ్ళి ఎలియాన్ కళ్ళు మూసుకుని కాగితం మీద వేళ్ళు పెట్టింది. ఆ సంవత్సరం వేళ్ళకు గుర్తుంది. కానీ ఆ రోజు అది నిజంగా తగిలిందా, తగలాలని తను కోరుకుందా? పాకలో మసక వెలుతురు, ఈగలు, ఆకలి. ఆలోచించేకొద్దీ ఆ వరస ఒకసారి ఉంది, ఒకసారి లేదు. కాగితం పోయిందని చెబితే ఎవరు పోగొట్టారని అడుగుతారు. ముందు వరసలో టోపీ పెట్టుకుని మదామ్ కూర్చుని ఉంటుంది. అబద్ధం చెబుదామా అంటే, ఏ అబద్ధం చెప్పాలో కూడా తోచలేదు.

శనివారం రానే వచ్చింది. మదామ్ బుస్కే ఒళ్ళో ఆపిల్ టార్ట్ పెట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. పరీక్షకుల్లో ఒకరైన ప్రొఫెసర్ రోక్‌బ్రూన్ అప్పటికే ముసలాయన, చూపు తగ్గింది, ఏదైనా వేళ్ళతోనే చదివేవాడు.

"ఏదమ్మా, ఆ అచ్చుకాగితం ఇలా ఇవ్వండి."

ఎలియాన్ ఇచ్చింది. ఆయన ఇటు తడిమాడు, తిప్పి అటు తడిమాడు. "ఇది వేరే కాగితంలా ఉంది."

"అదేనండీ. తడిసింది, నా అజాగ్రత్త వల్ల పాడైంది. నాలుగో వరసకు ఇప్పుడు నా దగ్గర ఏ సాక్ష్యమూ లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అంతలో ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"పాడవడమేంటి?" మదామ్ బుస్కే లేచి నిలబడింది. "అంత చక్కగా ఇస్త్రీ చేస్తేనూ! చేసింది నేనండీ, ప్రొఫెసర్ గారూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసర్ నవ్వలేదు. కాగితం మీద వేలు పెట్టి అడిగాడు. "మదామ్, ఇస్త్రీ చేసేటప్పుడు ఈ కింది భాగంలో గడ్డలున్నాయా?"

"ఓ, బోలెడు!"

"ఎన్ని వరసలు?"

"నాలుగు." కాస్త ఆలోచించింది. "కాదు, మూడేమో. నాలుగోది దిండు గలీబు కుట్టుదేమో, రెండూ ఒకేసారి చేశాను. అసలు ఇస్త్రీ చేసేటప్పుడు గడ్డలు ఎవరు లెక్కపెడతారండీ?"

పరీక్షకులు పక్కగదికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి డాక్టరేట్ ఇచ్చారు. "గౌరవప్రదం" అన్నారు గానీ ముందు "అత్యంత" చేర్చలేదు. ఆ ఒక్క మాట లేకపోతే యూనివర్సిటీలో పెద్ద కుర్చీ దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు, మదామ్‌కు తప్ప.

టార్ట్ కోస్తూ మదామ్ అడిగింది. "ఇచ్చారుగా? మరి ఆ మొహం ఏంటి, చిట్టితల్లీ?" అంతవరకూ ఆవిడ ఎలియాన్‌ను మీరు అనే పిలిచేది, చిట్టితల్లీ అనడం అదే మొదలు.

"ఏం లేదు మదామ్."

మదామ్ కత్తి ఆగింది. "ఆ గడ్డలే అక్షరాలా?"

"అవును."

ఆవిడ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మరి ముందే చెప్పొద్దూ!" అని కసురుకుని, మళ్ళీ మెల్లగా అంది, "దేవుడా, ఇన్నేళ్ళలో ఆ దుప్పట్ల మీద ఇంకేమేం చెరిపేశానో."

ఆ మాటకు ఎలియాన్‌కు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది.

తర్వాత ఆమె రువాఁ ఊరి కాలేజీలో చిన్న ఉద్యోగం చేసింది, పెద్ద కుర్చీ ఎక్కనేలేదు. ఏది చెప్పినా చివర బహుశా అని చేరుస్తుందని పిల్లలు ఆమెకు మద్మొజెల్ బహుశా అని పేరు పెట్టారు. పుస్తకం అచ్చేసినప్పుడు శాసనం మూడు వరసలూ వేసి, నాలుగో వరస చోట చుక్కలు పెట్టింది. మరోసారి ఆ పల్లెకు వెళ్ళి, తల వంచుకుని ఆ రోడ్డు పొడుగునా నడిచింది. రాళ్ళన్నీ రాళ్ళలాగే ఉన్నాయి.

మేడ వాకిట్లో మాత్రం కొత్త చట్టం వచ్చింది. ఎలియాన్ పారిస్ వచ్చి తీగెకు ఏ కాగితం వేసినా మదామ్ కాపలా కాసేది. "ముట్టుకున్నావా, చెయ్యి విరుస్తా! ముడతలే దాని విలువ!" అని పిల్లీ పిచ్చుకా తేడా లేకుండా అందరినీ అదిలించేది.

చాలా ఏళ్ళకు పుస్తకం రెండోసారి అచ్చుకు వెళ్ళింది. ఆ చుక్కలు తీసెయ్యమంటారా, సంవత్సరం వేస్తారా అని ప్రచురణకర్త అడిగాడు. ఎలియాన్ రైలెక్కి, వృద్ధాశ్రమంలో ఉన్న మదామ్ బుస్కే దగ్గరికి వెళ్ళింది.

"మదామ్, ఒక్కసారి బాగా గుర్తుచేసుకోండి. ఎన్ని వరసలు?"

మదామ్ తన ఒడిలోని దుప్పటిని అరచేత్తో నిమిరింది. "పరీక్ష రోజు మొదట ఏం చెప్పాను?"

"నాలుగు."

"ఆ తర్వాత?"

"మూడు."

"అయితే అంతే మరి," అంది మదామ్. "ఇంతకీ వాళ్ళు రోమువాళ్ళా, గ్రీకులా?"

"రోమువాళ్ళే, బహుశా."

"నువ్వూ ఏదీ తేల్చవు!"

ఎలియాన్ తిరుగు రైల్లో ప్రూఫు తీసి, నాలుగో వరస చుక్కలను చాలాసేపు చూసింది. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. పెన్ను మూత పెట్టేసి, వాటిని అలాగే ఉంచింది.